కూపన్ చెల్లాల్సింది తోపుడు బండి దగ్గర

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దాటాక, సర్జాపుర రోడ్డు పొడుగునా, కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల వెనకాల రేకుల షెడ్లు వరసగా కనిపిస్తాయి. కర్నూలు, అనంతపురం, పాలమూరు వైపు నుంచి వచ్చిన బేల్దారి పనివాళ్లు పిల్లాపాపలతో ఉండేది వాటిల్లోనే. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య ఆ సందు మొదట్లోకి ఒక కూరగాయల బండి వస్తుంది. బటవాడా అయిన ఆదివారం నాడు ఆ బండి దగ్గర నిలబడటానికి చోటుండదు. బెండకాయలు, వంకాయలు, మునక్కాయలు, పిల్లలు కొంగు పట్టి లాగితే అరడజను అరటిపళ్లు. బుధ, గురువారాలు వచ్చేసరికి అదే మనుషులు, అదే బండి, కానీ బేరం పది రూపాయల టమాటా కుప్ప, నాలుగు పచ్చిమిర్చి, రెండు ఉల్లిగడ్డల దగ్గర ఆగిపోతుంది. కొసరుగా వేసిన కరివేపాకు రెమ్మ ఒక్కటే ఆ రోజు ఆ ఇంట్లోకి వెళ్లే ఆకు. పచ్చిపులుసో ఊరగాయో వేసుకుని అన్నం తినేస్తారు. కడుపు నిండుతుంది కాబట్టి దీన్ని ఎవరూ ఆకలి లెక్కలో వెయ్యరు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రోజుకి రెండు వేల కేలరీలు తినే మనిషికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలి. అంటే మనిషికి అరకిలో. నలుగురున్న ఇంటికి రోజుకి రెండు కిలోలు, నెలకి అరవై కిలోలు. అన్నీ కలిపి సగటున కిలో నలభై రూపాయలే అనుకున్నా, పిల్లల వంతు కొంచెం తగ్గించుకున్నా, నెలకి రెండు వేల పైమాటే. షెడ్డులో ఉండే కుటుంబం పిల్లల ఫీజులూ ఊళ్లో అప్పుల కిస్తులూ పోగా మిగిలిన దాంట్లోంచి కూరగాయలకే అంత తియ్యడం జరిగే పని కాదు. 2016లో 18 దేశాల మీద వచ్చిన ప్యూర్ అనే పెద్ద అధ్యయనం ఇదే విషయాన్ని ఇంకో రకంగా చెప్పింది. రోజుకి రెండు విడతల పండ్లు, మూడు విడతల కూరగాయలు మనిషికి కొనాలంటే పేద దేశాల్లో ఇంటి ఆదాయంలో సగానికి పైగా అవుతుంది, ధనిక దేశాల్లో రెండు శాతం కూడా కాదు. ఆ లెక్కలో మన దేశం పేద దేశాల వరసలోనే ఉంది.

మన రేషన్ వ్యవస్థ మొత్తం గింజ చుట్టూ కట్టింది. 2013 ఆహార భద్రత చట్టం మనిషికి నెలకి ఐదు కిలోల ధాన్యం ఇస్తుంది, అది ఎంతో ప్రాణాల్ని నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క కూరగాయల మీదే నెట్టెయ్యలేం. అయినా అన్నంలో, పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే పక్కన విటమిన్ సి ఉండాలన్నది పాత సంగతే. ఒక నిమ్మచెక్క, సగం జామకాయ చాలు. మాత్రలు పంచుతున్నాం, బియ్యంలో ఇనుము కూడా కలిపాం, ఆ జామకాయ సంగతి మాత్రం ఇంటివాళ్లకే వదిలేశాం.

ఈ ఖాళీని పూడ్చడానికి చాలా దేశాలు పట్టుకున్న దారి పండ్లకీ కూరగాయలకీ మాత్రమే చెల్లే కూపన్. దీని మూలం వెతికితే 1939 దగ్గర తేలుతుంది. ఆ ఏడాది మేలో అమెరికాలోని రాచెస్టర్ ఊళ్లో మొదటిసారి ఫుడ్ స్టాంపులు ఇచ్చారు. పేద కుటుంబం ఒక డాలరు పెట్టి నారింజ రంగు స్టాంపులు కొంటే అర డాలరు విలువైన నీలం స్టాంపులు ఊరికే వచ్చేవి. నారింజ స్టాంపుతో ఏ తిండి సరుకైనా కొనుక్కోవచ్చు, నీలం స్టాంపు మాత్రం వ్యవసాయ శాఖ 'మిగులు' అని ప్రకటించిన సరుకులకే చెల్లుతుంది. రైతు దగ్గర అమ్ముడుపోక కుళ్లుతున్నది, పట్నంలో కొనలేక మానేస్తున్నది ఒకటే సరుకు అన్న గమనింపు దాని వెనక ఉంది. 1943లో యుద్ధకాలంలో ఆ పథకం ఆగిపోయి, తర్వాత వేరే రూపంలో తిరిగొచ్చింది. కానీ ఆ గమనింపు మనకి బాగా అర్థమవుతుంది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి బెంగళూరు బండ్ల మీద నుంచి దాదాపు మాయమైంది, సెప్టెంబరుకల్లా కర్నూలు జిల్లాలో రైతులు గిట్టుబాటు కాక అదే టమాటాని రోడ్డు పక్కన పారబోశారు. పారబోసిన రైతు బంధువులే ఇక్కడ షెడ్లలో ఉండి టమాటా కుప్పకి బేరమాడుతున్నారంటే అతిశయోక్తి ఏమీ లేదు.

తర్వాత వచ్చిన పథకాల్లో మూడు మన పనికొస్తాయి. అమెరికాలో గర్భిణులకీ బాలింతలకీ ఐదేళ్ల లోపు పిల్లలకీ విక్ అనే పథకం డెబ్బైల నుంచీ ఉంది, పాలు, గుడ్లు, ధాన్యం ఇచ్చేవారు. 2009లో దాన్ని మార్చి పండ్లు, కూరగాయలకి విడిగా డబ్బు విలువ ఉన్న కూపన్ చేర్చారు. ఆ కూపన్ తీసుకునే చిన్న కొట్లు కూడా పండ్లు, కూరగాయలు కనీసం కొన్ని రకాలు నిలవ ఉంచాలని నియమం పెట్టడంతో, అంతకుముందు చిప్స్, కూల్‌డ్రింకులు మాత్రమే దొరికిన వాడల్లో తాజా సరుకు కనబడటం మొదలైంది. బ్రిటన్‌లో 2006 నుంచి అలాంటిదే హెల్దీ స్టార్ట్ అనే పథకం ఉంది, 2021 ఏప్రిల్‌లో వారానికి 4.25 పౌండ్లకి పెంచారు, ఏడాది లోపు బిడ్డకి దానికి రెట్టింపు. కాగితం కూపన్లు తీసేసి కార్డుకి మారినప్పుడు మొదట్లో కార్డు కౌంటర్ దగ్గర పనిచెయ్యక వెనకాల వరసలో జనం చూస్తుండగా సరుకు తిరిగి పెట్టేసిన తల్లులు ఎందరో. మూడోది చిన్నది, కానీ మనకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది. 2014లో లండన్ హాక్నీ ప్రాంతంలో అలెగ్జాండ్రా రోజ్ అనే స్వచ్ఛంద సంస్థ రోజ్ వోచర్లు మొదలుపెట్టింది. ఒక్కోటి ఒక పౌండు విలువ, కాగితం మీద. అవి చెల్లేది పెద్ద సూపర్ మార్కెట్లలో కాకుండా వీధి సంతలో, కూరగాయల అంగళ్ల దగ్గర. వ్యాపారి వాటిని పోగుచేసి ఇస్తే సంస్థ డబ్బు కట్టేస్తుంది.

ఇవి పనిచేశాయా అంటే, చేశాయి, కొలతలు ఉన్నాయి. 2011-12లో మసాచుసెట్స్‌లోని హాంప్డెన్ కౌంటీలో 7,500 కుటుంబాలని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, పండ్లూ కూరగాయల మీద పెట్టిన ప్రతి డాలరుకీ 30 సెంట్లు వెనక్కి వేశారు. వాళ్లు మిగతా వాళ్లకన్నా పావు వంతు ఎక్కువ తిన్నారు. లాస్ ఏంజెలెస్‌లో బాలింతలకి వారానికి పది డాలర్ల కూపన్లు ఆరు నెలలు ఇచ్చి ఆపేస్తే, ఆపేసిన ఆరు నెలల తర్వాత కూడా వాళ్లు తినడం తగ్గించలేదు. ఈ రెండోది ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఇంట్లో ఒక కూర వండటం అలవాటైతే, పిల్లాడు ఆ కూర తినడం అలవాటైతే, అది కూపన్ పోయినా పోదు. అయితే బ్రిటన్ హెల్దీ స్టార్ట్ మీద వచ్చిన అధ్యయనాలు ఒక్కమాట మీద లేవు, కొన్నిటిలో కొనుగోలు పెరిగినట్టు తేలితే కొన్నిటిలో తేడా కనబడలేదు. దానికి కారణం కొంతవరకు లెక్కలోనే ఉంది. వారానికి మూడు వందల రూపాయల కూరగాయలు ఎలాగూ కొనే ఇంటికి వంద రూపాయల కూపన్ ఇస్తే, ఆ ఇల్లు ఇంతకుముందు కొన్నదే కొని, మిగిలిన వంద ఇంకోదానికి వాడుకుంటుంది. అది తప్పు కాదు, ఇంటికి వంద మిగిలింది. కానీ పళ్లెం మారలేదు.

మరి కూపన్ ఎందుకు, డబ్బే ఇచ్చెయ్యొచ్చు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కర్ణాటకలో దీనికి ఈమధ్యే ఒక అనుభవం ఉంది. అన్నభాగ్య అనే రాష్ట్ర ఉచిత బియ్యం పథకంలో అదనంగా ఇస్తామన్న ఐదు కిలోల బియ్యం కేంద్రం దగ్గర దొరక్క, 2023 జులై నుంచి కిలోకి 34 చొప్పున మనిషికి 170 రూపాయలు ఖాతాల్లో వేశారు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ బియ్యానికే వచ్చారు. డబ్బు ఖాతాలో పడుతుంది, కానీ ఆ ఖాతా ఎవరి పేరున ఉంది, అందులోంచి ముందు ఏ కిస్తీ కోసుకుంటుంది, బ్యాంకుకి వెళ్లడానికి పూట కూలి పోతుందా అన్నవి ఇంటింటికీ వేరు. ఆర్థికవేత్త రీతికా ఖేరా 2011లో తొమ్మిది రాష్ట్రాల్లో సర్వే చేసినప్పుడు మూడింట రెండొంతుల మంది డబ్బు కన్నా సరుకే కావాలన్నారు, రేషన్ బాగా నడిచిన చోట్ల ఇంకా గట్టిగా అన్నారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంది. పేదవాళ్లకి తెలియక డబ్బు దుబారా చేస్తారన్న మాట మాత్రం ఎవరన్నా ఒప్పుకోకూడదు. ఇంట్లో ఆడమనిషికి డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో బాగా తెలుసు, ఆమె చేతిలో ఉండే ముందే ఆ డబ్బు మీద పదిమంది కన్ను ఉంటుంది, అంతే. కూరగాయలకి మాత్రమే చెల్లే కాగితం మీద అప్పులవాడికి ఆశ ఉండదు. కూపన్ చేసే మేలు ప్రధానంగా ఇదే.

ఇక్కడి దాకా వచ్చాక, మన దగ్గర ఎవరు ఈ ఆలోచన చేసినా అడుగు వేసేది ఒకే వైపు. యాప్, ఓటీపీ, గుర్తింపు పొందిన అవుట్‌లెట్లు, వాటి జాబితా. బెంగళూరులో ఐటీ ఉద్యోగులకి మీల్ కూపన్లు ఎన్నో ఏళ్లుగా అలవాటు, ముందు కాగితం, తర్వాత కార్డు, వాటితో సూపర్ మార్కెట్లో సరుకులు కొనడం మామూలే. ఆ నమూనానే కిందికి దించుదామనిపించడం సహజం. తోటల రైతుల సహకార సంఘం హాప్‌కామ్స్ కూడా ఉంది, 1959లో ఉద్యాన శాఖ అధికారి మరిగౌడ గారి హయాంలో పుట్టింది, లాల్‌బాగ్‌లో దాని ఆఫీసు, ఊరంతా కొట్లు, సరుకు మంచిది, తూకం నికరం. కానీ ఆ కొట్లు ఎక్కువగా పాత బెంగళూరు వీధుల్లో ఉన్నాయి. షెడ్డు నుంచి దగ్గరి సూపర్ మార్కెట్‌కి నడిచి వెళ్లే దూరమే ఉన్నా, సిమెంటు అంటిన చీరతో, వీపున బిడ్డతో ఏసీ కొట్టులోకి వెళ్లి సెక్యూరిటీ చూపు దాటుకుని అరకిలో బెండకాయలు తూకం వేయించుకునే ఓపిక పని దిగిన మనిషికి ఉండదు, ఆమె భాష అక్కడ అర్థమవుతుందన్న నమ్మకమూ ఉండదు.

బండి దగ్గర ఆ ఇబ్బంది లేదు. బండి మీద సొప్పు (కన్నడలో ఆకుకూర) కట్టని చూపించి తోటకూర ఎంత అంటే చెబుతారు, సగం తెలుగు, సగం కన్నడ, బేరం సాగిపోతుంది. షెడ్డులో ఫ్రిజ్ ఉండదు, ఒక మూల స్టవ్వు, రెండు గిన్నెలు. వారానికి సరిపడా కొని పెట్టుకునే పద్ధతే కుదరదు, ఏ పూటకి ఆ పూటే కొనాలి. కాబట్టి ఐదు వందల కూపన్ నెలకొకటి ఇచ్చి ఒకేసారి వాడమంటే అది వాడలేని కూపన్. పది, ఇరవై రూపాయల చిన్న ముక్కలు కావాలి. ఇంకోటి, అంతగా ఎవరూ గమనించనిది ఉంది. కిరాణా కొట్టులో కూపన్ చెల్లిస్తే ఆ కూపన్‌తో నూనె ప్యాకెట్టు కొన్నారా, బీడీ కట్ట కొన్నారా, వందకి ఎనభై నగదు తీసుకున్నారా అని కాపలా కాయాలి, దానికి సాఫ్ట్‌వేర్ కావాలి, తనిఖీ కావాలి. కూరగాయల బండి మీద కూరగాయలు తప్ప ఏమీ ఉండవు. నియమం దానంతటదే అమలవుతుంది. నగదు ఇచ్చే మోసం బండి దగ్గర కూడా జరగొచ్చు, కానీ ఇరవై రూపాయల చీటీకి పదహారు ఇచ్చి లాభపడదామనుకునే బండివాళ్లకి రోజూ వచ్చే బేరం పోగొట్టుకునే భయం ఉంటుంది.

మరి బండి పక్షం నుంచి చూస్తే? బండి నడిపే ఆమె తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి కేఆర్ మార్కెట్టుకో, కలాసిపాళ్యానికో చేరాలి. చేతిలో మూడు, నాలుగు వేలు ఉంటేనే సరుకు వస్తుంది. ఆ డబ్బు నిన్న సాయంత్రం అమ్మకంలోంచి రావాలి. రాకపోతే రోజు వడ్డీ. పొద్దున తొమ్మిది వందలు చేతికిచ్చి సాయంత్రానికి వెయ్యి పుచ్చుకునే అప్పు ఇలాంటి మార్కెట్లలో కొత్తేమీ కాదు. ఇప్పుడు ఆమె రోజు అమ్మకంలో వెయ్యి రూపాయలు కూపన్ల రూపంలో వచ్చాయనుకుందాం, వాటి డబ్బు పదిహేను రోజులకి ఖాతాలో పడుతుందన్నారనుకుందాం. ఆ వెయ్యికి ఆమె రోజూ వంద వడ్డీ కట్టాలి. రెండో రోజు నుంచి కూపన్ తీసుకోనంటుంది, లేదా కూపన్‌కి వచ్చిన వాళ్లకి కుప్పలో నాలుగు కాయలు తగ్గించి వేస్తుంది. ఆమెని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పథకం ఖర్చుని ఆమె నెత్తిన పెట్టి, ఆమె మోసం చేస్తోందని రిపోర్టు రాసుకోవడం అన్యాయం. ఈ ఒక్క విషయం సరిచెయ్యకపోతే మిగతా ఎంత బాగున్నా పథకం నిలవదు.

వెంటనే ఆమె చేతికి డబ్బు ఎలా అందించాలి? క్యూఆర్ కోడ్ ఉంది కదా అనొచ్చు. 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం మొదలైన పీఎం స్వనిధి పథకం పదివేల అప్పుతో పాటు డిజిటల్ చెల్లింపులకి క్యాష్‌బ్యాక్ కూడా పెట్టడంతో బండ్ల మీదకి క్యూఆర్ బాగానే చేరింది. కానీ 2025 జులైలో ఏం జరిగిందో బెంగళూరులో అందరికీ గుర్తుంది. యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు పంపింది. తాజా కూరగాయల మీద జీఎస్టీ లేకపోయినా కూరగాయల వ్యాపారికి కూడా నోటీసు వచ్చిన వార్త ఊరంతా పాకింది. రాత్రికి రాత్రి 'నో యూపీఐ, క్యాష్ మాత్రమే' అన్న కాగితాలు అతికించారు. తర్వాత ప్రభుత్వం సర్దిచెప్పింది, చాలావరకు క్యూఆర్లు తిరిగొచ్చాయి, కానీ ఆ టెన్షన్ పూర్తిగా పోలేదు. ఫోన్‌లోకి వచ్చే ప్రతి రూపాయీ ఎక్కడో నమోదవుతోందని బండివాళ్లకి తెలుసు. కూపన్ డబ్బు పన్ను లెక్కలోకి రాదని, ఆ డేటా పన్ను శాఖకి పోదని రాతపూర్వకంగా చెప్పకుండా కేవలం డిజిటల్ కూపన్ తెస్తే సగం బండ్లు దూరంగా ఉంటాయి.

2021 ఆగస్టులో వచ్చిన ఈ-రూపీ వోచర్ ఒకటుంది, ఎస్సెమ్మెస్‌గా వస్తుంది, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఫలానా మనిషికి ఫలానా పనికి మాత్రమే చెల్లుతుంది. మొదట్లో ఒక్కసారే వాడాలి, 2022లో ప్రభుత్వ వోచర్లని విడతలుగా వాడుకునే వీలు కల్పించారు. కాగితం మీద చూస్తే సరిగ్గా ఇలాంటి పథకానికే పుట్టినట్టుంది. కానీ ఇంట్లో ఒక్క ఫోనే ఉండి, అది మగమనిషి జేబులో సైటు మీద ఉంటే, సాయంత్రం బండి దగ్గర నిలబడే ఆడమనిషికి ఆ ఎస్సెమ్మెస్ ఎలా అందుతుంది? దీనికి అమెరికా రైతు సంతల్లో చాలాచోట్ల వాడే పద్ధతి చాలా తేలికగా ఉంటుంది. ప్రతి అంగడికీ కార్డు మిషన్ ఉండదు కాబట్టి సంత మొదట్లో ఒక్క టేబుల్ దగ్గర ఫుడ్ స్టాంపుల కార్డు గీకి, ఆ విలువకి చెక్క బిళ్లలు తీసుకుంటారు. ఏ అంగడి దగ్గరైనా బిళ్ల ఇచ్చి కొనుక్కుంటారు. అంగడివాళ్లు బిళ్లలు ఇచ్చేసి డబ్బు పుచ్చుకుంటారు. బిళ్ల తడిసినా పాడవదు, చదువు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, పిల్లాడి చేతికిచ్చి పంపినా పని అవుతుంది. మన దగ్గర కావలసిందల్లా బండివాళ్లు బిళ్లలు మార్చుకునే చోటు వాళ్ల దారిలోనే, అంటే మార్కెట్టు గేటు దగ్గర, వాళ్లు సరుకు కొనే వేళకి ఉండటం. పొద్దున పదిన్నరకి తెరిచే ఆఫీసు కౌంటర్ వాళ్లకి పనికిరాదు, అప్పటికి వాళ్లు వీధుల్లో ఉంటారు.

ఎవరికివ్వాలి అన్నది ఇంకో చిక్కు. కర్ణాటక రేషన్ కార్డు ఆధారం చేసుకుంటే షెడ్లలో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది బయటే ఉండిపోతారు, వాళ్ల కార్డు ఊళ్లో ఉంటుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద కేంద్రం ఇచ్చే ధాన్యం ఇక్కడ తీసుకోవచ్చు, కానీ రాష్ట్రం తన తరఫున కలిపే పథకాలు దానితో రావు. ఇంటి ఆడమనిషికి కర్ణాటక ఇచ్చే గృహలక్ష్మి రెండు వేలు రానిదీ అందుకే. దీనికి ఒక తలుపు ఇప్పటికే ఉంది, అది 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టాలతో మొదలైన ఏర్పాటు. కట్టే ప్రతి పెద్ద భవనం ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలై కార్మికుల సంక్షేమ బోర్డుకి పోతుంది. ఏడాదిలో 90 రోజులు పని చేసిన మనిషి ఏ రాష్ట్రం నుంచి వచ్చినా ఇక్కడ పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ భవనం ఎవరు కడుతున్నారో వాళ్ల పిల్లల పళ్లెంలోకి ఆ భవనం సెస్సులోంచి రెండు కాయలు పోవడం కన్నా సబబైన ఖర్చు ఇంకేముంటుంది? పౌరకార్మికుల సంగతి వేరు. బెంగళూరు వీధులు ఊడ్చే ఆడవాళ్లలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, వాళ్ల పేర్లు నగర పాలన జీతాల లెక్కల్లో ఉన్నాయి. కొత్తగా ఎవరినీ వెతకనక్కర్లేదు, ఆదాయ ధ్రువపత్రం అడగనక్కర్లేదు. పొద్దున ఆరింటికి ముందే చీపురు పట్టి మధ్యాహ్నం రెండున్నరకి దిగుతారు, అప్పటికి వాళ్ల వాడలోకి బండి వచ్చే వేళ కాదు. వాళ్లకైతే హాజరు వేసే మస్టర్ పాయింట్ దగ్గరికే బండిని రమ్మనడం మేలు.

కూపన్ విలువ రూపాయల్లో రాస్తే ధర పెరిగిన నెలలో అది చిక్కిపోతుంది. 2023 జులైలో యాభై రూపాయల కూపన్‌కి అరకిలో టమాటా కూడా వచ్చేది కాదు. కిలోల్లో రాస్తే ఆ భారం బండి మీద పడుతుంది. ప్రతి మూడు నెలలకీ హాప్‌కామ్స్ ధరల సగటు చూసి కూపన్ విలువ సవరించడం ఒక మధ్యే మార్గం, ఆ సంస్థ రోజూ ధరలు ప్రకటిస్తూనే ఉంది. ధర తగ్గించడమే మేలు, కూపన్లెందుకు అనేవాళ్లూ ఉన్నారు. చెన్నైలో 2013 జూన్‌లో సహకార సంఘాల తరఫున తక్కువ ధర కూరగాయల కొట్లు తెరిచారు, ఆంధ్రలో 1999 జనవరి 26 నుంచి రైతుబజార్లు ఉన్నాయి. రెండూ మంచివే, రెండిట్లోనూ ధర అందరికీ తగ్గుతుంది. కానీ రైతుబజారు ముందు కారు ఆపి రెండు సంచులు నింపుకునే వాళ్లకి దక్కే లాభం, అక్కడిదాకా రాలేని మనిషికి దక్కదు. కర్ణాటక ప్రభుత్వం నడిపే ఇందిరా క్యాంటీన్ పది రూపాయల భోజనం పనికి వెళ్లే మనిషికి ఆసరా, అయితే ఇంట్లో ఉన్న మూడేళ్ల పిల్లకి వండిపెట్టే కూర సంగతి దానితో తేలదు.

పండు గురించి విడిగా ఒక మాట చెప్పాలి. మన ఇళ్లల్లో పండు ఇప్పటికీ జబ్బు మనిషి తిండి. ఆస్పత్రికి చూడబోతే బత్తాయిలు, యాపిల్స్ కొంటాం, బాగున్న పిల్లాడికి కొనం. డబ్బులున్న వారం కూడా షెడ్డుల్లో పండు అంటే అరటిపండే, అందులోనూ యాలక్కి కాకుండా పచ్చ అరటి, సగం మచ్చలు పడ్డ గెల. చేతిలో ఉన్న కూపన్ దేనికి వాడాలో వాళ్లకే వదిలేస్తే అది మొత్తం టమాటా, ఉల్లిగడ్డలకే పోతుంది, ఎందుకంటే అవి లేకపోతే పొయ్యి వెలగదు. దానికి అభ్యంతరం చెప్పకూడదు కూడా. కానీ ఆ 1939 నీలం స్టాంపు ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. రెండు రంగుల బిళ్లలు. ఒకటి దేనికైనా, రెండోది ఆ నెలలో బాగా పండి చవగ్గా దొరికే పండుకో ఆకుకూరకో. చలికాలంలో జామ, వేసవిలో శ్రీనివాసపురం మామిడి.

ఇక పూర్తి ఉచితమా, సగమా? మన బజారులో దీనికి పేరు ముందే ఉంది, కొసరు. ఇరవై రూపాయల కూరగాయలు సొంత డబ్బుతో కొంటే పది రూపాయల బిళ్ల కొసరు. 2009లో డెట్రాయిట్‌లో మొదలైన డబుల్ అప్ అనే పథకం చేసింది ఇలాంటిదే, పెట్టినంతకి అంత కలిపి ఇవ్వడం. హాంప్డెన్ కౌంటీ లెక్క కూడా ఈ దారినే బలపరుస్తోంది. కొనడం ఉన్న ఇంట్లో కొసరు కొనుగోలుని పెంచుతుంది, ఉచిత కూపన్‌లా పాత ఖర్చుని పక్కకి జరపదు. కాకపోతే చేతిలో ఏమీ లేని రోజున కొసరు కూడా రాదు. గర్భిణులకీ, బాలింతలకీ, ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకీ పూర్తి బిళ్ల, మిగతావాళ్లకి కొసరు అని విడగొట్టుకోవడమే మంచిదనిపిస్తుంది.

ఏ రోజు ఇవ్వాలన్నది చిన్న విషయంలా కనబడుతుంది కానీ పెద్దదే. నెల మొదట్లో ఇచ్చిన ఏ సహాయమైనా మొదటి రెండు వారాల్లోనే కరిగిపోవడం అమెరికా ఫుడ్ స్టాంపుల్లో ఎన్నాళ్లుగానో చూస్తున్నదే. ఇక్కడ లెక్క నెలతో కూడా కాదు, వారంతో. ఆదివారం బటవాడా పడే చోట ఆదివారమే బిళ్లలు పంచితే, డబ్బూ బిళ్లా ఒకే రోజు ఉండి గురువారానికి రెండూ ఉండవు. బుధవారం సాయంత్రం పంచాలి. అప్పుడు బండి నడిపే ఆమెకి కూడా ముందే తెలుస్తుంది, బుధవారం తెల్లవారుజామున మార్కెట్టులో టమాటా, పచ్చిమిర్చితో పాటు నాలుగు కట్టల మెంతికూర, ఒక బుట్ట జామకాయలు ఎక్కువ ఎత్తుకుంటుంది. ఇప్పుడు ఆ రోజున అవి ఎత్తుకోవడానికి ఆమెకి ధైర్యం లేదు, ఎందుకంటే మిగిలిపోతే రాత్రికి ఆవులకే వెయ్యాలి.